అంచు మీద సూదిపోట్లు

పోయిన నెల మా తమ్ముడి బిడ్డ కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి వారం రోజులుంది. చేనేత కోర్సులో చేరి రెండు నెలలైంది, అంతే. వచ్చిన మర్నాడే నా బీరువా తెరిచి చీరలన్నీ మంచం మీద కుప్ప పోసింది. కొత్తగా చదువుకునే పిల్లలకు ఏది చదివితే అదే లోకం. ప్రతి చీర అంచునూ కిటికీ వెలుతురులో పట్టి చూసి, "ఇది మగ్గం, ఇది సాంచా, ఇది మగ్గమని చెప్పి నిన్ను ముంచిండ్రు అత్తమ్మా" అంటూ జడ్జిలాగా తీర్పులు చెప్పింది. సాంచా అంటే మా వైపు మరమగ్గం. నేను టీ తాగుతూ నవ్వుకుంటూ కూర్చున్నాను. చివరికి అడుగు అరలోంచి ముదురు నీలం గుడ్డ ఒకటి తీసింది. విప్పి, అంచు తిరగేసి, బొటనవేలితో తడుముతూ, "గిదేడిది అత్తమ్మా? ఒక్క సూదిపోటు లేదు. పక్కా సాంచాదే" అంది. "కాదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పిల్ల మొహం చిన్నబోయింది. గుడ్డ తీసుకుని మడతపెట్టి మళ్ళీ అడుగునే పెట్టేశాను. అదెక్కడిదో దానికి చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీకు చెప్పడానికి కారణం ఒకటే. నా మొహం తెలియనివాళ్ళ ముందు సిగ్గు విప్పుకోవడం కొంచెం తేలిక.

మూడేళ్ళ కిందట, ఉద్యోగం నుంచి రిటైరైన మరుసటి ఏడు, నేను వీపుకు సంచి తగిలించుకుని నలభై రోజులు దేశాలు తిరిగాను. ఈ మాట విన్నవాళ్ళు ఇప్పటికీ ఒకసారి నన్ను కిందినుంచి పైకి చూస్తారు. నేను సోషల్ టీచర్ని. ఎక్కువ కాలం ఇచ్చోడలో, తర్వాత హుజూరాబాద్‌లో చేశాను. మెకాంగ్ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో బెత్తంతో మ్యాపు మీద చూపిస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. నా కళ్ళతో చూసిన పెద్ద నది మాత్రం ధర్మపురి దగ్గరి గోదావరి ఒక్కటే. చివరి రోజున పిల్లలకు వీడ్కోలు చెబుతుంటే ఈ సంగతి మనసులో గుచ్చుకుంది. మా ఇంటాయనను అడిగితే, బస్సు కరీంనగర్ దాటితేనే తనకు కడుపులో తిప్పుతుందని, విమానం మాట తలుచుకోవద్దని చేతులెత్తేశాడు. "నువ్వు పోయిరా. నాకేం ఫికర్ లేదు. నీకంటే ముందు నీ నోరే పోతది, తొవ్వ అదే దొరుకుతది" అన్నాడు. టవర్ సర్కిల్ దగ్గర సంచుల దుకాణంలో వీపు సంచి కొంటుంటే దుకాణం అబ్బాయి "పాపకా మేడం?" అని అడిగాడు. నాకే అన్నాను. ఆ తర్వాత వాడు బేరం ఆడలేదు.

నా నోరు గురించి మా ఇంటాయన అన్నది సరదాకే అయినా అబద్ధం కాదు. ఇచ్చోడ అంగట్లో కొండల మీదినుంచి వచ్చిన ఆడవాళ్ళను తూకంలో దగా చేసే వ్యాపారులతో నేను నిలబడి కొట్లాడేదాన్ని. నన్ను చూస్తే తక్కెడ సర్దుకునేవాళ్ళు కూడా ఉన్నారు. దాంతో నాకొక పేరొచ్చింది, పేరుతో పాటు పొగరూ వచ్చింది. మోసమనేది ఎక్కడున్నా నాకు వాసన తగులుతుందని నమ్మేశాను. మా అవ్వ ఒక్కతే దీన్ని మెచ్చుకునేది కాదు. "నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది బిడ్డా. అడిగినప్పుడు చెప్పాలె, అడగనప్పుడు మింగాలె" అనేది. అడగనప్పుడు మింగడం నాకు ఏనాడూ రాలేదు.

కంబోడియా నుంచి వియత్నాం దక్షిణ కొనలో దిగి, బస్సుల్లో, రైళ్ళలో పైకి జరుగుతూ చివరికి హనోయ్ చేరాను. శుక్రవారం దిగాను, మంగళవారం విమానం. ఆ నాలుగు రోజులూ తనివితీరా తిరగాలని లెక్క వేసుకున్నాను. ఊరు మాత్రం నా ఓపికకు మించిన హుషారు మీదుంది. పాత బజారులో ఒక్కో వీధికి ఒక్కో సరుకు. ఒక సందు నిండా రేకు డబ్బాలు కొట్టే చప్పుడు, పక్క సందు నిండా రంగు కాగితాలు, ఆ పక్కది తువ్వాళ్ళది. బాట మీద పీటలంత ఎత్తు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఊరు ఊరంతా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని తింటుంది. ఏ మాంసమో అడిగి అడిగి, చేతులతో కోడిలాగా రెక్కలు ఆడించి చూపించి నేనూ వాళ్ళ మధ్య కూర్చుని చారులో సేమ్యాలు తిన్నాను. రోడ్డు దాటడం ఒక విద్య. స్కూటర్లు ఆగవు, మనమూ ఆగకూడదు. మెల్లగా, అదే నడకతో, భయపడినట్టు కనబడకుండా నడిస్తే అవే పక్కకు తప్పుకుపోతాయి. మొదటి రోజు అరగంట అంచునే నిలబడి, భుజం మీద కావడి వేసుకుని వస్తున్న ముసలమ్మ వెనక నక్కి దాటాను. రెండో రోజుకు నేనే ఇంకొకరిని దాటించాను. నాకు గర్వం రావడానికి ఎంతోసేపు పట్టదు.

హాస్టల్లో నాది కింది మంచం. పై మంచం మీద ఏదో చల్లటి దేశపు అమ్మాయి ఉండేది. పాతికేళ్ళుంటాయి. నేను తీసుకెళ్ళిన సకినాలు రోజూ సాయంత్రం లెక్కపెట్టి రెండే తినేది, మూడోది ఇస్తే సిగ్గుపడేది. వాళ్ళమ్మకు చేత్తో నేసిన గుడ్డ ఒకటి తీసుకెళ్ళాలని దాని కోరిక. మాది నేతపని చేసే ఇల్లని, మా తమ్ముడు ఇప్పటికీ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తాడని చెప్పాను. "అయితే మీరు నాతో రండి, మీరుంటే నన్నెవరూ మోసం చేయలేరు" అంది ఇంగ్లీషులో. ఇక చూడండి. అగ్గికి గాలి తోడైంది.

వారాంతంలో ఊరి నడుమ ఉన్న చెరువు చుట్టూ బండ్లు రానివ్వరు. రోడ్డంతా జనమే. ఒకచోట పాటలు, ఒకచోట తాడాట ఆడే పెద్దవాళ్ళు, బుడగలు, ఐస్‌క్రీముల వరుసలు. శనివారం సాయంత్రం వెలుతురుండగానే ఇద్దరం వెళ్ళాం. చెట్టు కింద బట్ట పరుచుకుని కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఆడమనిషి కూర్చుంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. ముందు నాలుగైదు చిన్న సంచులు, రెండు నీలం గుడ్డలు. నాతో వచ్చిన అమ్మాయి ఒక నీలం గుడ్డ ఎత్తి బుగ్గకు ఆనించుకుంది. ఆ అమ్మకపు మనిషి నవ్వి "హ్యాండ్, హ్యాండ్" అంది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతే. ఇంకో నలుగురైదుగురు విదేశీయులు కూడా ఆగి చూస్తున్నారు. ఒకాయన రెండో గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. అప్పటికి నేను అంచు తిరగేసి బొటనవేలు నడిపిస్తున్నాను.

ఈ బొటనవేలి సంగతి చెప్పాలంటే మా బాపు దగ్గరికి పోవాలి. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బాపు మగ్గం మీద నేసిన పంచెలు, తువ్వాళ్ళు మూట కట్టుకుని కరీంనగర్‌కు అమ్మకానికి వస్తూ నన్ను కూడా తీసుకొచ్చాడు. ఒక పెద్ద బట్టల దుకాణం ముందు మూట విప్పాడు. సేటు ఒక పంచె తీసి చూసి, దుకాణం నిండా మనుషులుండగా, "ఏందయ్యా, సాంచా గుడ్డ తెచ్చి మగ్గందని నాకు అంటగడ్తున్నవా?" అన్నాడు. అందరూ మావైపు తిరిగారు. బాపు నోట మాట రాలేదు. నిజం చెప్పేవాడికి తడుముకోవలసి వస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఎందుకు మాట్లాడడని నాకు బాపు మీదే కోపం వచ్చింది. పంచెలు ఒక్కొక్కటే మడిచి మూట కట్టాడు. తిరుగు బస్సు సగం దూరం వచ్చాక, హఠాత్తుగా మూటలోంచి ఒక కొన లాగి, "గిటు చూడు బిడ్డా" అన్నాడు. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక బద్ద పెడతారు. దాని రెండు కొనలకూ సూదులుంటాయి. జానెడు నేసి బద్ద జరుపుతారు. అక్కడక్కడ, జంటగా, అంచు మీద ఆ సూదుల పోట్లు మిగులుతాయి. "గివి మన చేతి గుర్తులు. గిట్ల ఎడమెడంగ జంట పోట్లుంటే మగ్గం నేతే. గదే చూపిస్తే అయిపోతుండె. దుకాణంల యాదికి రాలే" అన్నాడు. దుకాణంలో రాని జవాబు బస్సులో వచ్చింది. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆ తర్వాత బాపుది ఒకటే అలవాటు. ఎవరు గుడ్డ ముట్టుకున్నా వాళ్ళడగకముందే అంచు తిప్పి పోట్లు చూపించేవాడు. ఊళ్ళో వాళ్ళకు, చుట్టాలకు, ఒకసారి మా చిన్నమ్మ పెండ్లిలో వియ్యంకుడికి కట్నంగా పెట్టిన పంచె అంచు కూడా తిప్పి చూపించాడు. ఆ వియ్యంకుడు బిత్తరపోయి "చిల్లులున్నయా బావా?" అన్నాడు. మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం. మగ్గం పోయి ఇరవై ఏళ్ళయినా, మంచం పట్టాక కూడా, కప్పుకున్న దుప్పటి అంచు వేళ్ళతో తడుముతూ ఉండేవాడు. మేము దాన్ని చాదస్తం అనుకున్నాం.

మళ్ళీ చెరువు దగ్గరికి వద్దాం. నా వేలి కింద అంచు నున్నగా జారింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క పోటు లేదు. నాకు లోపల ఎంత సంబరమైందో చెప్పడానికి ఇప్పుడు తల కొట్టేసినట్టుంది. అంతమంది ముందు, ఇరవై వరుసల వెనక కూర్చున్న పిల్లాడికి కూడా వినబడే బడి గొంతుతో, "ఇది చేత్తో నేసింది కాదు. మెషీన్ బట్ట" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ మనిషికి అర్థం కాలేదు. "హ్యాండ్" అని రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా నీలం పట్టి ఉన్నాయి, గోళ్ళ సందుల్లో కూడా. నేను ఆ చేతులు చూశాను. చూసి, రంగు వేసుకుని కూర్చుంది మంచి నాటకం అనుకున్నాను. నాకు అంతటితో చాలలేదు. ఆమెకు అర్థం కావాలి కదా. పిడికిలి ముందుకూ వెనక్కూ ఆడిస్తూ సాంచా చప్పుడు చేశాను. "టకటక టకటక టకటక." చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడు, అచ్చుగుద్దినట్టు వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ మనిషికి అప్పుడు అర్థమైంది. చాచిన చేతులు మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. గుడ్డ పట్టుకున్న పెద్దమనిషి దాన్ని కింద పెట్టి వెళ్ళాడు. మిగతావాళ్ళూ వెళ్ళారు. నాతో వచ్చిన అమ్మాయి నా చేయి పట్టుకుని, మీరు లేకపోతే మోసపోయేదాన్ని అంది. ఆ సంతోషంతో ఆ పూట నాకు ఐస్‌క్రీం కొనిపెట్టింది. నేను తిన్నాను.

ఆదివారం తెల్లవారుతూనే ఆ అమ్మాయి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు. నేను బాటమీద బుల్లి కుర్చీలో కాఫీ తాగుతూ, ఎవరికైనా నా ఘనకార్యం చెప్పుకోకపోతే పొద్దు గడవదని, మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు పనిలో ఉన్నాడు. వెనక సాంచాలు మోగుతున్నాయి. చెబుతున్నంతసేపూ "ఆఁ ఆఁ" అన్నాడు. చివర్న, "పోట్లు దగ్గర దగ్గర వరుసగ ఉన్నయా అక్కా?" అని అడిగాడు.

"పోట్లే లేవంటున్న గదరా. సాఫ్‌గ ఉన్నది."

"అస్సలుకే లేవా?"

"లేవు. గందుకే గదా మెషీన్ అన్నది."

వాడు ఏదో తలుపు చాటుకు వెళ్ళినట్టున్నాడు, చప్పుడు తగ్గింది. "అక్కా, సాంచా మీద గూడ పోట్లు పడ్తయి. బట్ట గుంజి పట్టెటందుకు రెండు దిక్కుల సూది పండ్ల చక్రాలుంటయి. సన్నగ, వరుసగ పడ్తయి. పోట్లే లేవంటే గది సాంచాది గాదు."

"మరి దేని మీద నేసిండ్రురా?"

"నాకేం ఎరుక? నేను సాంచాలోణ్ణి. బాపు ఉంటే చెప్తుండె." తనకు తోచిన ఊరడింపు మాట కూడా అన్నాడు. "జర నిమ్మళంగుండు అక్కా. ఎవలు జూసిండ్రు గాడ?"

ఎవరు చూశారంటే అందరూ చూశారు. బాపు చెప్పింది, జంట పోట్లుంటే మగ్గం అని. పోట్లు లేకపోతే సాంచా అని ఆయన ఏనాడూ అనలేదు. రెండో సగం నేను కలుపుకున్నది. ఇట్లాంటి లెక్క పిల్లలెవరైనా పరీక్షలో రాస్తే ఎర్ర ఇంకుతో గీత కొట్టేదాన్ని. కాఫీ చల్లారిపోయింది. మనసుకు ఇంకా ఒక పక్క వాడిదే తప్పేమోనని, కొత్తరకం సాంచాలేవో ఉండవచ్చునని ఆశ. హాస్టల్లో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగితే, కొండ ప్రాంతాల ఆడవాళ్ళ పనితనం చూపించే మ్యూజియం ఉందని దారి చెప్పింది. పదకొండు గంటలకు వెళ్ళాను. పై అంతస్తులో ఒక మూల వాళ్ళ మగ్గం ఉంది. ఒక కొన కర్ర చట్రానికి కట్టిన పడుగు, రెండో కొనకు ఒక పట్టా. ఆ పట్టా నేసే మనిషి నడుముకు చుట్టుకోవాలి. పక్కన ఫోటోలో ఒకామె అట్లాగే నడుముకు కట్టుకుని, వెనక్కి వాలి, కాలి వేలితో ఒక తాడు లాగుతూ నేస్తోంది. బట్టను బిగువుగా పట్టి ఉంచేది ఆ మనిషి నడుమే. సూదుల బద్దకు అక్కడ చోటు లేదు. పోట్లు ఎక్కడినుంచి వస్తాయి?

ఎదురుగా ఒక బల్ల ఉంటే కూర్చుండిపోయాను. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలేదు. చెవుల దాకా మంట. నాలుగో తరగతిలో ఆ దుకాణంలో బాపు పక్కన నిలబడి నేను చూసిన సేటు మొహం నా మెడ మీద ఉందని తెలిసింది. బాపు తన నిజం నిలబెట్టుకోవడానికి వెతికి పట్టుకున్న గుర్తులు అవి. వాటినే తీసుకెళ్ళి, బాపులాగే మూట విప్పుకుని కూర్చున్న మనిషిని అబద్ధాలకోరును చేశాను. సేటు నయం, చప్పుడు చేసి వెక్కిరించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా వాళ్ళు ఊరికే అనలేదు. అయినా తీసుకోవడానికి నాకు ఆ సాయంత్రం ఒకటి మిగిలి ఉంది. సోమవారం నుంచి రోడ్డు మీద బండ్లు నడుస్తాయి, అమ్ముకునేవాళ్ళు ఉండరు. మంగళవారం నేనుండను.

హాస్టల్ అమ్మాయికి జరిగింది చెప్పాను. పూర్తిగా చెప్పలేదు, చప్పుడు సంగతి దాచాను. నేను చెప్పవలసిన నాలుగు మాటలు ఫోన్‌లో ఎక్కించి వాళ్ళ భాషలోకి మార్చిపెట్టింది. "నిన్న నేను తప్పు మాట్లాడాను. మీది చేతి నేతే. నాకు తెలియక అన్నాను. క్షమించండి." ఆ మనుషులకు ఇంట్లో వేరే భాష ఉంటుందని, కొందరు ఇది చదవలేరని, కాబట్టి ఫోన్ చేతనే చదివించమని సలహా ఇచ్చింది. దారి పొడుగునా ఆ మాటలు ఫోన్‌లో వింటూ నడిచాను, బడికి మొదటి రోజు వెళ్ళే పిల్లలాగా.

చెట్టు కింద ఆమె లేదు. ఆ చోట బుడగలాయన నిలబడి ఉన్నాడు. చెరువు చుట్టూ ఒకసారి తిరిగాను. ప్రతి నీలం గుడ్డ దగ్గరా ఆగి మొహాలు చూశాను. నా వల్ల ఆమె బేరం చెడి ఊరికి తిరిగిపోయిందేమో అనిపించింది. రెండో చుట్టులో, అవతలి ఒడ్డున, ఐస్‌క్రీం వరుస పక్కన కనబడింది. అవే సంచులు, అవే రెండు నీలం గుడ్డలు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఏమంటుందో, మొహం తిప్పుకుంటుందో, తిడుతుందో తెలియదు. తిట్టినా బాగుండు అనుకున్నాను.

ఆమె నన్ను చూసి నవ్వింది. గుర్తుపట్టలేదు. రోజుకు ఎన్ని వందల మంది మొహాలు ఆమె ముందు నుంచి పోతాయో, అందులో నాదొకటి. నేను నోరు తెరిచేలోపే తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. వీడియో. మట్టి వాకిలి, అటూ ఇటూ తిరిగే కోళ్ళు, నడుముకు పట్టా కట్టుకుని నేస్తున్న ఒక ముసలమ్మ. "మామా, మామా" అంది ఆ ముసలమ్మను చూపించి, వాళ్ళమ్మ అని కాబోలు. తర్వాత తన నీలం చేతులు చాచి "హ్యాండ్" అంది. ఆ తర్వాత పిడికిలి ముందుకూ వెనక్కూ ఆడించి, "టకటక టకటక" అని చప్పుడు చేసి, తల అడ్డంగా ఊపి, "నో, నో" అంది. నేను చేసినట్టే, ఆ వేగంతోనే చేసింది. ఎవరో ఒక జంట నా పక్కన వచ్చి ఆగితే వాళ్ళకూ మొదటి నుంచీ అదే వరస. వీడియో, చేతులు, టకటక, నో. వాళ్ళేమీ అడగలేదు. అడగకముందే చూపిస్తోంది.

నా ఫోన్ తీసి ఆ నాలుగు మాటలు వినిపించాను. పక్కన ఎవరో పెద్ద శబ్దంతో పాటలు పెట్టారు. ఆమె చెవి దగ్గరికి తెచ్చుకుని వింది. ఎంత వినబడిందో తెలియదు. "సారీ" అని నా నోటితో కూడా అన్నాను. తెలుగులో "తప్పైంది చెల్లె" అన్నాను. అక్కడ కొనకుండా వెళ్ళేవాళ్ళందరూ సారీ అనే వెళ్తారు కాబోలు. పరవాలేదన్నట్టు నా చేయి తట్టి, గుడ్డ మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఆ గుడ్డ పట్టుకుని వదల్లేదు. కొన్నాను. నేను చెప్పవలసింది క్షమాపణ అయితే, ఆమెకు ముట్టింది ఒక బేరం. సంతోషంగా ఒక చిన్న సంచి కొసరు వేసింది. కొసరు తీసుకోనంటే బలవంతంగా నా వీపు సంచిలో కుక్కింది. పెద్దగా నవ్వింది కూడా. ఇంక నిలబడలేక వచ్చేశాను. సోమవారం ఏం చూశానో నాకు సరిగ్గా గుర్తులేదు. వాన పడిందని మాత్రం గుర్తు.

ఇంటికొచ్చాక మా ఇంటాయన గుడ్డ చూసి, "మంచిగున్నది. మగ్గందేనా?" అన్నాడు. అవునని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. దాన్ని ఒక్కసారి కూడా కప్పుకోలేదు. కొసరు సంచిలో కళ్ళజోడు పెట్టుకుందామని రెండుసార్లు తీసి మళ్ళీ లోపల పెట్టాను. మా తమ్ముడు కూడా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎదుటివాళ్ళ తప్పు ఎత్తిచూపడం బాపులాగే వాడికీ రాదు.

పోయిన నెల ఆ పిల్ల చిన్నబోయిన మొహం చూసినప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. దాని బొటనవేలు అచ్చం నాలాగే నడిచింది. పోట్లు లేకపోతే సాంచా అని దానికి చెప్పింది నేనే అయ్యుంటాను, చిన్నప్పుడెప్పుడో, తాత తెలివిని గొప్పగా చెప్పుకుంటూ. రేపు అది ఏ అంగట్లోనో, ఎవరి మూట ముందో నిలబడుతుంది. వచ్చే ఆదివారం వస్తానంది. ఈసారి ఆ గుడ్డ నేనే తీసి దాని ఒళ్ళో పెట్టి, టకటకతో సహా చెబుతాను. ఆ చెల్లెకు నా మొహం మరిచిపోవడానికి ఒక్క రోజు పట్టింది. నా మాట మరిచిపోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో, మంచం మీద దుప్పటి అంచు తడుముకుంటూ పోయిన బాపును చూసినదాన్ని, నాకు తెలుసు.